తలకు దెబ్బ తగిలిన తమ్ముడు ఏడు వారాలైనా తెలివిలోకి రాలేదు: మెలకువ తెప్పించే మందేమైనా ఉందా?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. బైకు మీద ఇంటికొస్తుంటే హైవే మీద లారీ గుద్దేసింది. హెల్మెట్ లేదు. చేర్చినప్పుడు జీసీఎస్ (తెలివి ఎంతుందో కొలిచే లెక్క, పూర్తిగా ఉంటే 15) 5 అని రాశారు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి కుడివైపు పుర్రె ఎముక తీసి, పొట్ట చర్మం కింద దాచారు. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. వెంటిలేటర్ తీసేశారు. గొంతుకి ఊపిరి కోసం ట్రాకియాస్టమీ గొట్టం, ముక్కులో పాలగొట్టం ఉన్నాయి. పగలు కళ్లు తెరుస్తాడు, రాత్రి మూస్తాడు. కానీ మమ్మల్ని చూస్తున్నట్టు ఉండదు. కుడి చెయ్యి అప్పుడప్పుడు కదులుతుంది, మేం చెప్పినందుకో దానంతట అదో తెలియట్లేదు.

డాక్టర్లు "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి, టైం పడుతుంది" అంటున్నారు. మా పెదనాన్న కొడుకు ఒకాయన స్టెమ్ సెల్ (మూలకణాలు ఎక్కించే) వైద్యం ఉందని, ఎనిమిది లక్షలవుతుందని చెప్పాడు. నాన్న పొలం బేరం పెట్టేశారు. కోమాలోంచి లేపే మందు నిజంగా ఏదైనా ఉంటే చెప్పండి. ఎక్కడికైనా తీసుకెళ్తాం.

విశాఖ_ఫిజియో
అండీ, ముందు ఒక మాట. కళ్లు తెరిచి మూస్తున్నాడంటే మీ తమ్ముడు కోమా దాటాడు. కోమా అన్నది సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఉండదు. ఆ తర్వాత మనిషి కళ్లు తెరుస్తాడు, కానీ ఎరుక ఉండకపోవచ్చు. దాన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. కొద్దికొద్దిగా ఎరుక ఉండి, వస్తూ పోతూ ఉంటే మినిమల్లీ కాన్షస్ అంటారు. ఈ రెండోదాన్ని 2002లో విడిగా నిర్వచించారు. మీ వాడు ఈ రెండింట్లో ఎక్కడున్నాడో తేల్చడం ముఖ్యం, ఎందుకంటే రెండోదైతే కోలుకునే అవకాశం బాగా ఎక్కువ.

వార్డులో రౌండ్స్‌కి వచ్చి "చెయ్యి ఎత్తు బాబూ" అని ఒకసారి అడిగి వెళ్లిపోతే తేలే సంగతి కాదిది. 2009లో బెల్జియంలో ఒక పరిశీలన చేశారు. ఎరుక లేదని డాక్టర్ల బృందం తేల్చిన 44 మందిని కోమా రికవరీ స్కేల్‌తో (చూపు, వినికిడి, కదలికల్లాంటి వాటికి మార్కులు వేసే పరీక్ష) పద్ధతిగా చూస్తే 18 మందికి ఎరుక ఉంది. అంటే నూటికి నలభై మంది. ఈ పరీక్ష కూడా ఒక్కసారి చేస్తే చాలదు. పది రోజుల్లో కనీసం ఐదుసార్లు, వేర్వేరు వేళల్లో చూడాలి.

ఇంట్లోవాళ్లు చేయగలిగేది ఒకటుంది. చేతికి పట్టేంత అద్దం తీసుకోండి. మంచం తల భాగం ఎత్తి, వెలుతురున్నప్పుడు, మొహానికి అర జానెడు దూరంలో పెట్టి అతని మొహం అతనికే కనిపించేలా చూపండి. అద్దాన్ని మెల్లగా పక్కకి జరపండి, తర్వాత పైకీ కిందికీ. కళ్లు అద్దం వెంట వస్తున్నాయా? మనిషి మొహం, వేలు, టార్చి వెంట చూడనివాళ్లు కూడా అద్దంలో తమ మొహం వెంట చూస్తారు. తెలివి తిరిగొచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు కనిపించే గుర్తుల్లో ఇదొకటి. ఫోన్‌లో వీడియో తీసి తారీఖు, టైం రాసి పెట్టుకోండి.

రాత్రి_డ్యూటీ_సిస్టర్
న్యూరో ఐసీయూలో పనిచేస్తా. తమ్ముడూ, లేపే మందు అడిగే ముందు, లేవకుండా పడుకోబెడుతున్న మందులేమైనా ఎక్కుతున్నాయా చూడండి. కేస్ షీట్ అడిగి మందుల పేర్లన్నీ రాసుకోండి. మిడజోలం, క్లోనాజిపామ్, హాలోపెరిడాల్, బాక్లోఫెన్ ఉన్నాయా? ఫిట్స్‌కి ఫెనిటాయిన్ ఇస్తుంటే రక్తంలో దాని మోతాదు చూశారా? అది ఎక్కువైతే మనిషి మత్తుగా పడుంటాడు. వాంతులకని ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా మెదడులో మెలకువకి పనికొచ్చే డోపమైన్ అనే రసాయనానికి అడ్డుపడుతుంది. అవసరం తీరిపోయినా షీట్‌లో అలాగే కొనసాగే మందులు చాలా ఉంటాయి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, ముఖ్యంగా ఫిట్స్ మందు. డాక్టర్‌ని అడగండి, "ఇందులో మత్తు చేసేవి ఏవి, తగ్గించవచ్చా" అని.

ఇంకోటి. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడ, బీపీ పెరిగి, కాళ్లూ చేతులూ బిగుసుకుంటున్నాయా? తల దెబ్బల్లో అలా వస్తుంది. కఫం తీసేటప్పుడో, పక్క తిప్పేటప్పుడో మొదలవుతుంది. దాన్ని జ్వరం అనుకుని యాంటీబయోటిక్స్ మారుస్తూ పోతుంటారు. ప్రొప్రనలాల్ లాంటి వాటితో అదుపులోకి వస్తుంది. అది తగ్గితేగానీ ఫిజియోథెరపీ సరిగ్గా చేయనివ్వదు ఒళ్లు.

గోదారి_గట్టు
సిస్టర్, చెమటలు రోజూ పడుతున్నాయి, తువ్వాలు తడిసిపోతుంది. మందుల లిస్టు రాసుకున్నా. ఫెనిటాయిన్, బాక్లోఫెన్, మెటోక్లోప్రమైడ్ మూడూ ఉన్నాయి. ఇంకా సిటికోలిన్, పైరసిటామ్ ఉన్నాయి. ఈ రెండూ మెదడుకి బలం అన్నారు.

నిజామాబాద్_న్యూరో
న్యూరాలజిస్టుని. పేషెంటుని చూడకుండా వైద్యం చెప్పలేను. మీ డాక్టర్‌ని ఏం అడగాలో మాత్రం చెప్తాను.

సిటికోలిన్ సంగతి. తల దెబ్బలు తిన్న 1213 మందిలో అమెరికాలో పెద్ద పరీక్ష చేశారు, 2012లో ఫలితాలొచ్చాయి. మూడు నెలల పాటు ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ వీళ్లకీ తేడా రాలేదు. మనదేశంలో ఇంకా ప్రతి చీటీ మీదా ఉంటుంది. హాని పెద్దగా లేదు కానీ, ఆ డబ్బు ఫిజియోకి పెడితే ఎంతో మేలని నా అభిప్రాయం.

పెద్ద పరీక్షలో నెగ్గిన మందు ఒకటుంది, అమాంటడీన్. పార్కిన్సన్స్‌కి వాడే పాత మందు, ఖరీదైనది కూడా కాదు. 2012లోనే ఫలితాలొచ్చాయి. తల దెబ్బ తగిలి 4 నుంచి 16 వారాల మధ్య ఉన్న, ఎరుక లేని లేదా అరకొర ఎరుక ఉన్న 184 మందిని తీసుకున్నారు. సగం మందికి నాలుగు వారాలు అమాంటడీన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. మందు పడినన్నాళ్లూ వాళ్లు త్వరగా కోలుకున్నారు. మందు ఆపాక రెండు వారాల్లో ఆ వేగం తగ్గి, ఆరో వారానికి రెండు జట్లూ దాదాపు ఒకచోటికి చేరాయి. కాబట్టి ఇది కోలుకోవడాన్ని వేగం చేస్తుంది, చివరికి ఎంతవరకు కోలుకుంటారన్నది మారుస్తుందని రుజువు కాలేదు. అయినా ఆ వేగం కూడా విలువైనదే. త్వరగా మేలుకుంటే ఫిజియో త్వరగా మొదలవుతుంది, పుండ్లు, నిమ్మూ తగ్గుతాయి. 2018లో అమెరికా న్యూరాలజీ అకాడమీ మార్గదర్శకాల్లో ఈ మందు వాడమనే రాశారు, సరిగ్గా ఇదే కాలవ్యవధికి. మీవాడిది ఏడో వారం. అడగాల్సిన సమయం ఇదే.

జాగ్రత్తలు ఉన్నాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకి ఇది ఆలోచించి ఇవ్వాలి. కిడ్నీ పరీక్ష చూడాలి. పొద్దున, మధ్యాహ్నం ఇస్తారు, సాయంత్రం ఇస్తే నిద్ర చెడుతుంది. డోసు ఇక్కడ రాయను.

దానికంటే ముందు రెండు పరీక్షలు. ఒకటి ఈఈజీ, అంటే తలకి వైర్లు అంటించి మెదడు తరంగాలు చూసే పరీక్ష. బయటికి కొట్టుకోకుండా లోపల్లోపల ఫిట్స్ నడుస్తుంటే మనిషి ఇలాగే మొద్దుగా ఉంటాడు, మందుతో తగ్గే సంగతి అది. రెండోది కొత్తగా తల సీటీ. ఎముక తీసినవాళ్లలో మెదడులో నీరు చేరడం తరచూ చూస్తాం. చివరి సీటీ ఎప్పుడు తీశారు? సోడియం, థైరాయిడ్, ఫెనిటాయిన్ లెవెల్ కూడా చూడమనండి.

కడప_రెడ్డిగారబ్బాయి
అన్నా, నిద్రమాత్ర వేస్తే కోమాలోంచి లేచి మాట్లాడారని వాట్సాప్‌లో వీడియో తిరుగుతాంది. నిజమేనా?

డాలస్_స్పీచ్
నిజమే, కానీ సగమే. ఆ మాత్ర జోల్పిడెమ్. దక్షిణాఫ్రికాలో ఏళ్లతరబడి స్పృహ లేకుండా ఉన్న ఒక యువకుడికి ఇస్తే కాసేపట్లో మాట్లాడాడని 2000లో అక్కడి డాక్టర్లు రాశారు. తర్వాత 84 మందికి పద్ధతిగా ఇచ్చి చూశారు, 2014లో వచ్చింది ఆ లెక్క. పనిచేసింది నలుగురికి. అదీ మాత్ర ప్రభావం ఉన్న కొన్ని గంటలే. డాక్టర్ దగ్గరుండి ఒకసారి వేసి చూడొచ్చంతే, ఇంట్లో మాత్రం వద్దు.

నేను ఇక్కడ రిహాబ్‌లో స్పీచ్ థెరపిస్టుని, మా ఊరు తెనాలి. మీ పోస్టులో "చెయ్యి దానంతట అదో, మేం చెప్పినందుకో" అన్నారే, అక్కడ ఆగిపోయాను. చాలా ఏళ్లుగా పరిశోధనంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది. 2006లో ఇంగ్లండ్‌లో ఒక అమ్మాయిని, ఎరుక లేదని తేల్చినామెను, స్కానర్‌లో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం వెలుగుతుందో ఆమెలోనూ అదే వెలిగింది. 2024లో పెద్ద లెక్క వచ్చింది. పిలిస్తే ఏమాత్రం స్పందించని 241 మందిని స్కాన్‌తో, ఈఈజీతో చూస్తే నలుగురిలో ఒకరు లోపల మాట వింటున్నారు, చెప్పింది చేయడానికి ప్రయత్నిస్తున్నారు. ఒళ్లు మాత్రం కదలట్లేదు. ఆ స్కాన్ ఎక్కడపడితే అక్కడ దొరకదు, దొరక్కపోయినా పర్వాలేదు. దానివల్ల మీ ఇంట్లో మారాల్సింది ఒక్కటే. అతని మంచం పక్కన నిలబడి పొలం బేరం, ఆస్పత్రి బిల్లు, "వీడిక లేవడేమో" లాంటి మాటలు ఎవరినీ మాట్లాడనివ్వొద్దు. దయచేసి.

చెయ్యి సంగతి ఇలా చూడండి. గదిలో టీవీ, ఫ్యాను చప్పుడు ఆపండి. ఒక్కరే మాట్లాడాలి. "వేలు ఎత్తు" అని చెప్పి పది పదిహేను సెకన్లు ఆగండి, మనవాళ్లు ఆగకుండా పది మాటలు చెప్పేస్తారు. అలా నాలుగుసార్లు చెప్పి, ఎన్నిసార్లు కదిలిందో రాయండి. తర్వాత ఏమీ చెప్పకుండా అంతేసేపు ఊరికే చూసి, అప్పుడెన్నిసార్లు కదిలిందో కూడా రాయండి. రెండూ సమానమైతే అది తనంతట కదలడమే. స్నానం, ఫిజియో అయి అలిసిపోయి ఉన్నప్పుడు చూడొద్దు.

మెదడులోకి వైరు పెట్టి థాలమస్ అనే లోపలి భాగాన్ని కరెంటుతో ఉత్తేజపరచడం 2007లో చేశారు. ఆరేళ్లుగా అరకొర ఎరుకతో ఉన్న 38 ఏళ్ల మనిషి మాటలు పలికాడు, నోటితో తిన్నాడు. తల పైనుంచి సన్నని కరెంటు పంపే పద్ధతి కూడా ఉంది, కొందరిలో కొద్దిసేపు ఎరుక మెరుగవుతుంది. ఇవన్నీ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి, మీవాడి దశలో వీటివెంట పరిగెత్తక్కర్లేదు.

హైటెక్_మామ
మా బావమరిదికి స్ట్రోక్ వస్తే స్టెమ్ సెల్ చేయించాం. మూడు డోసులు. ఇప్పుడు నడుస్తున్నాడు. అందరూ వద్దంటారు, చేయించినవాళ్లకే తెలుస్తుంది. నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టండి.

నిజామాబాద్_న్యూరో
మీ బావమరిది నడుస్తున్నందుకు సంతోషం. స్ట్రోక్ వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఫిజియోతో చాలామంది నడుస్తారు. ఆ మూడు డోసులు పడకపోయినా నడిచేవారా అన్నది తెలిసే దారి లేదు, అందుకే పోల్చి చూసే పరీక్షలు కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త జబ్బుల్లాంటి కొన్నిటికి తప్ప, అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ బయట స్టెమ్ సెల్స్ ఎక్కించడం అనైతికం. ట్రయల్ అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎనిమిది లక్షలు అడుగుతున్నారంటేనే అది ట్రయల్ కాదని అర్థం. గోదారి_గట్టు గారూ, నాన్నగారికి ఈ ఒక్క మాట చదివి వినిపించండి.

మోడరేటర్
ఏ ఆస్పత్రి, ఏజెంటు నంబర్లూ ఇక్కడ గానీ మెసేజ్‌లో గానీ ఇవ్వొద్దు. హైటెక్_మామ గారూ, మీ అనుభవం రాయండి, నంబర్ వద్దు.

అనంతపురం_అక్క
తమ్ముడూ, మా ఆయనకీ ఇట్లే అయింది. బస్సు ప్రమాదం. నెలల తరబడి ఇంట్లో మంచం మీద పెట్టుకుని చూసినా. ఇప్పుడు కూచుంటాడు, పేర్లు చెప్తాడు, అన్నం తానే తింటాడు. కోపం ఎక్కువ, మర్చిపోతాడు, ఉద్యోగం లేదు. అయినా మనిషి నాకు దక్కినాడు.

ఇంటికి తెచ్చేముందు ఆస్పత్రిలోనే పనులన్నీ నీ చేత్తో చేసి నేర్చుకో. కఫం లాగే మిషన్ వాడటం, ట్రాకియా లోపలి గొట్టం తీసి కడగడం, పాలు పోసేముందు సిరంజితో వెనక్కి లాగి చూడటం. పాలు పోసేటప్పుడు మంచం తల ఎత్తే ఉండాల, పోసినాక అరగంట పైనే అట్లే ఉంచాల. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది. గాలి పరుపు కొను, గాలి పరుపున్నా రెండు గంటలకొకసారి పక్క తిప్పాల్సిందే. నడుము కింద, మడమల దగ్గర, చెవి వెనక రోజూ చూడు. ఎరుపు కనిపించి, వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఎముక తీసినవైపు తల ఆనించొద్దు, అది ఎప్పుడూ గుర్తుండాల.

పాదాలు కిందికి వాలిపోకుండా పాదానికి స్ప్లింట్ కట్టించు. మేం కట్టించినాం కాబట్టే తెలివొచ్చినాక నిలబడగలిగినాడు. చానామంది మనిషి లేచినాక చూద్దాం అనుకుంటారు, అప్పటికి కీళ్లు బిగుసుకుపోయుంటాయి.

ఇంగ మా మామ ఆయన చిన్నప్పటి సంగతులు ఫోన్‌లో రికార్డు చేసి రోజూ వినిపించేవాడు. చెరువులో ఈత, మామిడికాయలు కోసుకొచ్చి తిట్లు తిన్నది, అన్నీ పేరుపేరునా. దానికే లేచినాడని చెప్పను. కానీ మా మామ గొంతు వింటే కళ్లు అటు తిప్పేవాడు.

డాలస్_స్పీచ్
అక్కా, దానిమీద అమెరికాలో పరిశోధన కూడా జరిగింది. ఇంట్లోవాళ్ల గొంతుతో పాత జ్ఞాపకాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో రోజుకి నాలుగుసార్లు చొప్పున ఆరు వారాలు వినిపించారు. 15 మందితో చేసిన చిన్న పరీక్ష, 2015లో అచ్చయింది. విన్నవాళ్లలో మార్పు కనిపించింది. చిన్నదే అయినా ఖర్చు లేదు, హాని లేదు. అమ్మగారు రోజంతా పిలుస్తూ ఉండటం కన్నా ఇది మేలు, ఆవిడ గొంతుకీ విశ్రాంతి. మధ్యమధ్య నిశ్శబ్దం మాత్రం ఉండాలి. రోజంతా మోగితే అదీ ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది.

ఓరుగల్లు_వకీలు
వైద్యం సంగతి పెద్దలు చెప్పిండ్రు. నేను కేసు సంగతి చెప్త. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, అంబులెన్స్ రసీదులు ఒక్కటి కూడా పారేయొద్దు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ల క్లెయిమ్ వెయ్యిండ్రి, ఆలస్యం చెయ్యొద్దు. చాలామంది ఆస్పత్రి బిల్లే అడుగుతరు. మనిషిని చూసుకునేటందుకు పెట్టుకున్న అటెండెంట్ ఖర్చు కూడా అడగొచ్చు. 2020 సంవత్సరంల సుప్రీంకోర్టు, తలకు దెబ్బ తగిలిన ఒక చిన్నపిల్ల కేసుల ఇద్దరు అటెండెంట్ల ఖర్చు జీవితకాలానికి లెక్కగట్టి ఇప్పించింది. ఇంట్లోవాళ్లే చూసుకుంటున్నా ఆ సేవకు విలువ ఉంటది. పొలం అమ్మకముందే ఒక వకీలును కలువుండ్రి.

గోదారి_గట్టు
అందరికీ దండాలు. చాలా జరిగింది, రాస్తా. డాక్టర్ గారితో మందుల లిస్టు పట్టుకుని మాట్లాడా. మొదట కాస్త విసుక్కున్నారు, తర్వాత కూర్చుని చూశారు. మెటోక్లోప్రమైడ్ ఆపేశారు, బాక్లోఫెన్ తగ్గించారు, ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. ఫెనిటాయిన్ లెవెల్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుందట, దాని బదులు లెవెటిరాసెటామ్ పెట్టారు. ఈఈజీలో ఫిట్స్ లేవు.

అద్దం పరీక్ష మా చెల్లి చేసింది. నిన్న రెండుసార్లు ఏం లేదు. ఇవాళ పొద్దున కుడివైపుకి కళ్లు వచ్చాయి, మూడుసార్లు, వీడియో ఉంది. ఎడమవైపుకి రావట్లేదు.

సీటీలో మాత్రం మెదడు లోపలి గదులు పెద్దవయ్యాయి, నీరు చేరిందన్నారు. షంట్ (ఆ నీటిని పొట్టలోకి మళ్లించే సన్న గొట్టం) వెయ్యాలంటున్నారు. మళ్లీ తలలో ఆపరేషనా అని అమ్మ ఒప్పుకోవట్లేదు. అమాంటడీన్ ముందు మొదలుపెట్టి చూసి, షంట్ తర్వాత చూడొచ్చా?

విశాఖ_ఫిజియో
ఆ వీడియో డాక్టర్‌కి చూపించండి, కేస్ షీట్‌లో రాయమనండి. ఎడమవైపు రాకపోవడం చూసి కంగారు పడొద్దు, కుడి మెదడు దెబ్బల్లో ఎడమవైపు ధ్యాస ఉండదు. ఇకనుంచి అద్దమైనా, మాటైనా కుడివైపునుంచే మొదలుపెట్టండి.

నిజామాబాద్_న్యూరో
స్కాన్ చూడకుండా షంట్ తప్పనిసరని నేననలేను. మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దగా కనిపిస్తాయి, అప్పుడు షంట్‌తో లాభముండదు. అందుకని సర్జన్‌ని ఇలా అడగండి: "ఇది ఒత్తిడితో చేరిన నీరా, మెదడు తగ్గడం వల్ల వచ్చిన ఖాళీనా? ఎముక తీసినచోట ఉబ్బుగా ఉందా, లోపలికి గుంటపడిందా? నడుము నుంచి నీరు తీసి తేడా చూడటం ఇతనికి క్షేమమేనా?" ఆ జవాబులతో నిర్ణయం వాళ్లదే.

నీరే కారణమని తేలితే మాత్రం, మందుతో నెట్టుకురావాలని చూడొద్దు. నీటి ఒత్తిడి అలాగే ఉండగా ఏ మందూ మెదడుని మేల్కొలపలేదు. షంట్ వేశాక బాగా మేలుకున్నవాళ్లను చూశాను, ఏ మార్పూ రానివాళ్లనూ చూశాను. అమ్మగారికి రెండూ చెప్పండి. మొదటి ఆపరేషన్ ప్రాణం కోసం, ఇది తెలివి కోసం అని విడదీసి చెప్తే అర్థం చేసుకుంటారు. పొట్టలోని ఎముక తిరిగి ఎప్పుడు పెడతారో కూడా అడగండి, అది పెట్టాక మెరుగయ్యేవాళ్లున్నారు. అమాంటడీన్ షంట్ తర్వాతైనా మొదలుపెట్టొచ్చు, పదహారు వారాలకు ఇంకా చాలా సమయం ఉంది.

రాత్రి_డ్యూటీ_సిస్టర్
షంట్ వేయించి ఇంటికెళ్తే ఇవి చూసుకో తమ్ముడూ. జ్వరం, వాంతులు, చెవి వెనక నుంచి మెడ మీదుగా పొట్టదాకా గొట్టం వెళ్లే దారిలో ఎర్రదనం, పొట్ట ఉబ్బడం, కొంచెం మేలుకున్నవాడు మళ్లీ మత్తులోకి జారడం. వీటిల్లో ఏదొచ్చినా తెల్లారనివ్వకుండా అదే రాత్రి తీసుకెళ్లండి. గొట్టం వెళ్లే వైపు, ఎముక లేని వైపు రెండూ ఒకటే అయితే పక్క ఎలా తిప్పాలో డిశ్చార్జికి ముందే వార్డు సిస్టర్ చేత చేయించి వీడియో తీసుకో. చెల్లిని కూడా తీసుకెళ్లు, పగలు చూసుకునేది ఆ అమ్మాయే కదా.